ఆ గురక నిద్ర కాదు

మన పిల్లలు అనేకులు చదువులకు, ఉద్యోగములకు వెళ్లిన అమెరికాలో, ఒక్క 2022లోనే నల్లమందు జాతి మందులు మోతాదు మించి 80,000 మందికి పైగా మరణించారు. మార్ఫిన్, హెరాయిన్, ఫెంటనిల్ ఈ జాతివే. వీటిని ఓపియాయిడ్లు అంటారు.

ఇవి దేహములో ఏమి చేస్తాయి? రక్తములో కార్బన్ డయాక్సైడ్ పెరగగానే మెదడు అడుగుభాగము మనచేత ఊపిరి తీయిస్తుంది. మోతాదు మించితే ఆ కావలివాడే నిద్రపోతాడు. ఊపిరి నెమ్మదించి ఆగిపోతుంది. ఆక్సిజన్ అందని కణములో శక్తి పుట్టదు. సోడియమును బయటికి నెట్టే పని ఆగి, నీరు లోపలికి చేరి కణము ఉబ్బిపోతుంది. కొద్ది నిమిషములలోనే మెదడు కణములు చనిపోనారంభిస్తాయి. తరువాత గుండె ఆగుతుంది.

అయితే ఇంటివారు, "గురక పెడుతున్నాడు, పడుకోనియ్యి" అనుకొంటారు. సహోదరీ, సహోదరుడా, తట్టినా లేవడం లేదా? పెదవులు నీలమైనవా? కంటిపాపలు సూదిమొనంత అయినవా? అది నిద్ర కాదు! వెంటనే అక్కడైతే 911కు, ఇక్కడైతే 108కు ఫోన్ చేయండి. నోటితో ఊపిరి అందించండి. నాలొక్సోన్ ఉంటే ముక్కులో కొట్టండి. అది ఆ మందును కణముల మీదనుండి తోసివేస్తుంది. అమెరికాలో 2023 నుండి అది డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతోంది. దాని బలము 30 నుండి 90 నిమిషములే. గనుక అతడు లేచి కూర్చున్నా ఒంటరిగా విడువకండి.

నలుగురికి తెలుస్తుందని తలుపు మూసుకొనకండి. ఈ అలవాటు ఎలా వచ్చిందని తరువాత అడగవచ్చు. ముందు ఊపిరి నిలపండి.