దొంగ అనే ముద్ర ఎవరు వేస్తారు?

(భీమండిలో తెలుగు మరమగ్గాల కార్మికుల అధ్యయన తరగతిలో చేసిన ఉపన్యాస పాఠం)



కార్ఖానాలో ఒక తాకా లెక్కకు తగ్గిందనుకోండి. సేఠ్ పోలీసులకు కబురు పెట్టకముందే మన నోటి నుంచే ఒక పేరు వస్తుంది. అది మొన్న ఊరి నుంచి వచ్చినవాడి పేరు అయివుంటుంది, లేదా ఫలానా కులంవాడి పేరు. తీస్తుండగా ఎవరూ చూడలేదు. అయినా ఎవరిని అనుమానించాలో మనకు ముందే తెలిసినట్టు మాట్లాడతాం. ఈ అలవాటు మనకు ఎక్కడి నుంచి వచ్చింది? నేరమంటే ఏమిటి, నేరస్థుడు ఎవరు, శిక్ష ఎందుకు అని రెండున్నర శతాబ్దాలుగా మేధావులు వాదించుకుంటున్నారు. ఆ వాదన కోర్టుల్లోనే ఆగిపోలేదు, మన సాంచాల దాకా వచ్చింది. అందుకే ఈ రోజు దాని గురించి చెప్పుకుందాం.

పనిని చూడు, మనిషిని కాదు

పూర్వం శిక్ష అంటే పాలకుడు తన బలం చూపించుకోవడమే. ఐరోపాలో నడివీధిలో ఉరి తీసేవారు, ఒప్పుకునేదాకా చిత్రహింస పెట్టేవారు. మన దేశంలో మనుస్మృతి ఒకే తప్పుకు వర్ణాన్ని బట్టి వేరు వేరు శిక్షలు చెప్పింది. 1764లో ఇటలీలోని మిలాన్ నగరానికి చెందిన చెజారె బెకారియా ఒక చిన్న పుస్తకం రాసి ఈ పద్ధతిని ఎదిరించాడు. తప్పుకు తగినంతే శిక్ష ఉండాలన్నాడు. చిత్రహింస వద్దన్నాడు, మరణశిక్ష వద్దన్నాడు. శిక్ష ఎంత కఠినమన్నది కాదు, అది తప్పకుండా, ఆలస్యం లేకుండా పడటమే ముఖ్యమన్నాడు. ఎవరు చేశారని కాకుండా ఏమి చేశారని అడగాలన్నదే అతని వాదనలోని సారం. అది పెద్ద ముందడుగు.

పుట్టుకతోనే దొంగలా?

వంద సంవత్సరాలు తిరిగేసరికి ఆలోచన మళ్ళీ వెనక్కి నడిచింది. 1876లో ఇటలీకే చెందిన లొంబ్రోసో అనే వైద్యుడు కొందరు పుట్టుకతోనే నేరస్థులని, పుర్రె, దవడ, చెవుల ఆకారం చూసి వాళ్ళను గుర్తుపట్టవచ్చని రాశాడు. ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ సుమారు మూడు వేల మంది ఖైదీలను కొలిచి చూసి, అలాంటి ప్రత్యేక జాతి ఏదీ లేదని 1913లో తేల్చాడు.

కానీ మన దేశంలో బ్రిటిష్ ప్రభుత్వం లొంబ్రోసో పుస్తకం దాకా కూడా ఆగలేదు. దానికి ఐదేళ్ళ ముందే, 1871లో, నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. దాన్ని సమర్థించినవారు ఏమని వాదించారో నేతపని చేసే మనం తప్పకుండా తెలుసుకోవాలి. ఈ దేశంలో వృత్తి కులాన్ని బట్టి వస్తుంది, నేతగాని కొడుకు నేతగాడు, వడ్రంగి కొడుకు వడ్రంగి, కనుక దొంగ కొడుకు దొంగే అవుతాడు అన్నారు. మన మగ్గాన్నే సాక్ష్యంగా చూపించి, సాటి శ్రమజీవుల పిల్లలను పుట్టకముందే దొంగలను చేశారు. 1911 సవరణతో ఈ చట్టం మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది.

మన ఎరుకలవాళ్ళ సంగతి చూడండి. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా అమ్మి బతికినవాళ్ళు. ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చింది. రైలు వచ్చింది. 1870లలో కరువు వచ్చింది. వ్యాపారం పోయింది. బతుకుతెరువు పోయి తిరిగేవాళ్ళకు దొంగజాతి అని పేరు పెట్టారు. పేరు నమోదు, వేలిముద్ర, హాజరు, ఊరు దాటాలంటే పాసు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో ఒక సెటిల్మెంటు పెట్టి, మద్రాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద దానికి స్టువర్టుపురం అని పేరు పెట్టారు. అక్కడివాళ్ళు చీరాల పొగాకు కంపెనీకి కూలీలయ్యారు. మన బంధువులు ఎందరో స్థిరపడిన షోలాపూరులో కూడా అలాంటి సెటిల్మెంటే ఉండేది. ముళ్ళకంచె లోపల నివాసం, బట్టల మిల్లుల్లో పని.

దొంగతనం మాన్పించడానికే ఇదంతా అన్నారు. మిల్లుకు కావలసింది మాత్రం పారిపోలేని కూలి. శిక్షా పద్ధతులు మంచితనాన్ని బట్టి కాక కూలీల అవసరాన్ని బట్టి మారుతూ వచ్చాయని రూషె, కిర్క్‌హైమర్ అనే ఇద్దరు జర్మన్ పండితులు 1939లో ఒక పుస్తకం రాశారు. షోలాపూరు, చీరాల వాళ్ళకు ఆ మాట అనుభవం మీదే తెలుసు.

అడ్వాన్సు కథ

నేరం అనేది ఎప్పటికీ మారనిదేమీ కాదు. దీనికి మనకు బాగా తెలిసిన ఉదాహరణ అడ్వాన్సు. 1859లో ఒక చట్టం చేశారు. అడ్వాన్సు తీసుకున్న కూలి, చేతిపనివాడు పని వదిలిపోతే మేజిస్ట్రేటు ముందు నిలబెట్టవచ్చు, మూడు నెలల దాకా జైల్లో వేయవచ్చు. అప్పుడు వెళ్ళిపోయిన కార్మికుడు నేరస్థుడు. కార్మికోద్యమం పెరిగిన 1920లలో ఆ చట్టం పోయింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. అప్పు చూపించి మనిషిని పనికి కట్టిపడేస్తే మూడేళ్ళ దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా అంది. అదే అడ్వాన్సు, అదే కార్ఖానా. ముందు నేరస్థుడు కార్మికుడు, తర్వాత నేరస్థుడు యజమాని. నేరమనే మాట ఒక వైపు నుంచి మరో వైపుకు మారింది. అది దానంతట అదే మారలేదు, పోరాడితే మారింది.

తెల్లచొక్కా నేరం

అమెరికాలో ఎడ్విన్ సదర్లాండ్ 1939లో ఒక సభలో మాట్లాడుతూ తోటి పండితులను నిలదీశాడు. మీరంతా పేదల దొంగతనాలే లెక్కిస్తున్నారు, పెద్దమనుషులు వ్యాపారం ముసుగులో చేసే నేరాలు లెక్కలోకే రావడం లేదు అన్నాడు. వాటికి తెల్లచొక్కా నేరం అని పేరు పెట్టాడు. 1949లో 70 పెద్ద కంపెనీల చరిత్ర తీసి చూపించాడు.

మన లెక్క కూడా చూసుకుందాం. 2024 దాకా అమల్లో ఉన్న 1860 శిక్షాస్మృతి ప్రకారం దొంగతనం చేసినవాడికి మూడేళ్ళ దాకా జైలు ఉండేది. 2025 దాకా అమల్లో ఉన్న 1936 వేతనాల చెల్లింపు చట్టం కింద నెలల తరబడి కూలి ఆపిన యజమానికి జరిమానా ఉండేది. ఒకటి దొంగతనం, రెండోది వివాదం! తాకా ఎత్తుకుపోవడం ఒప్పని నేను అనడం లేదు. అది తప్పే. కూలి ఎత్తుకుపోవడం కూడా ఆ పేరుతోనే పిలవబడాలి అంటున్నాను.

ముద్ర పడితే పోదు

1963లో హోవార్డ్ బెకర్ అనే అమెరికన్ మరో సంగతి చెప్పాడు. ఒక పనిని తప్పనేది సమాజం, దాన్ని కొందరికే అంటగట్టేదీ సమాజమే. ఒకసారి ముద్ర పడితే ఆ మనిషికి వేరే దారి మూసుకుపోతుంది. ఈ నిజాన్ని మన పక్కనే లాతూరు ప్రాంతంలో పుట్టిన లక్ష్మణ్ గైక్వాడ్ అనుభవించి రాశాడు. దొంగజాతి అని ముద్ర పడిన ఉచల్యా కులంవాడు, నూలు మిల్లులో పనిచేసినవాడు. ఆ ఆత్మకథ ‘ఉచల్యా’కు 1988లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది.

1952లో నేరస్థ జాతుల చట్టం రద్దయింది. దాని స్థానంలో రాష్ట్రాలు అలవాటు నేరస్థుల చట్టాలు తెచ్చాయి. జైలు నిబంధనల్లో కులాన్ని బట్టి పని పంచడం, విముక్త జాతులవారిని అలవాటు నేరస్థులుగా చూడటం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పడానికి 2024 అక్టోబరు 3 దాకా పట్టింది. చట్టం పోయినా కాగితంలో ముద్ర డెబ్బై రెండేళ్ళు నిలిచింది. మన నోట్లో ఇంకా ఉంది. స్టువర్టుపురం పేరును మనమే తిట్టుగా వాడుతున్నాం.

మన భీమండి నేర్పిన పాఠం

ఈ ఊరు 1970లో తగలబడింది, 1984లో మళ్ళీ తగలబడింది. భీమండి అంటేనే అల్లర్ల ఊరు అని దేశమంతా ముద్ర పడింది. తర్వాత ఇక్కడికి డిప్యూటీ కమిషనరుగా వచ్చిన సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు పెట్టించాడు. రెండు మతాలవాళ్ళూ, బీటు పోలీసూ ఒకేచోట కూర్చుని పుకార్లు, తగాదాలు ముందే మాట్లాడుకున్నారు. 1992 డిసెంబరు, 1993 జనవరిలో బొంబాయి మండుతుంటే భీమండి ప్రశాంతంగా ఉంది. ఊరు అదే, మనుషులు వాళ్ళే. మారింది రక్తం కాదు, పద్ధతి.

కనుక మిత్రులారా, మనం చేయగలిగింది ఇది. తాకా పోయిందంటే ముందు లెక్క పుస్తకం అడగండి, షిఫ్టులో ఎవరెవరు ఉన్నారో, తాళం ఎవరి దగ్గర ఉందో అడగండి. విచారణ జరిగేటప్పుడు ఆ మనిషి పక్కన ఒక తోటి కార్మికుడు నిలబడాలి. తప్పు తేలితే ఆ తప్పుకు తగినంతే మాట్లాడండి, వాడి కులాన్ని, వాడి పిల్లలను అందులోకి లాగకండి. కూలి ఆపినరోజున కూడా ఇదే పట్టుదలతో లెక్క అడగండి. నేతగాని కొడుకు నేతగాడే అని మనల్ని చూపించి ఒకప్పుడు ఇతరులను బంధించారు. ఆ సాక్ష్యం ఇక మన నోటి నుంచి రాకూడదు.