ఆకాశనౌక కథపై అభిమానుల తర్కము



పురాణము చెప్పువారు కథను చిక్కున నిలిపి, పుస్తకము మూసి, తక్కినది రేపనినచో, ఆ రాత్రి ఊరిలో నిదుర పట్టనివారు కొందఱుందురు. మఱునాటి వఱకు రచ్చబండపై జరుగు తర్కము పురాణముకంటె రుచిగా నుండుటయు కలదు. అమెరికా దేశమున 1990వ సంవత్సరమున అట్టి తర్కమొకటి 14 వారములు సాగినది. దానికి మూలము టెలివిజనులో చూపబడిన యొక విజ్ఞాన కల్పనా కథ. ఆకాశనౌకల కథలు పిల్లల వినోదమని మనము త్రోసివేయుట వాడుక. కాని యిందొక ధర్మసంకటమున్నది గనుక ఆ వృత్తాంతమును మీకు విన్నవించుచున్నాను.

కథ పేరు ‘స్టార్ ట్రెక్’. జీన్ రాడెన్‌బెరీ యనునతడు కల్పించిన యీ కథామాల 1966 మొదలు 1969 వఱకు నడచి, చూచువారు చాలరని నిలిపివేయబడెను. అభిమానులు మాత్రము దానిని విడువలేదు. తమలో తాము చిన్న పత్రికలు వేసికొనిరి. 1972లో న్యూయార్కు నగరమున సభ చేయగా, వందలమంది వత్తురనుకొన్నచోట వేలమంది వచ్చిరి. 1987లో ‘ది నెక్స్ట్ జనరేషన్’ అను పేర మఱియొక కథామాల వెలువడెను. కాలము 24వ శతాబ్దము, నౌక పేరు ఎంటర్‌ప్రైజు, నాయకుడు పికార్డు, అతనికి కుడిభుజము వంటివాడు రైకరు.

1990 జూన్ 18వ తేదీ వారమున మూడవ యేటి కడపటి భాగము ప్రదర్శింపబడెను. బోర్గులను జాతివారు భూమిపైకి దండెత్తి వచ్చుచున్నారు. వారు సగము ప్రాణులు, సగము యంత్రములు. వేఱువేఱు మనస్సులు వారికి లేవు. ఒకనికి తెలిసినది అందఱకును తెలియును. వారు పికార్డును చెఱపట్టి, అతని దేహమున యంత్రములు చొనిపి, లొక్యూటస్ అని పేరుపెట్టిరి. లాటిను భాషలో ‘పలికినవాడు’ అని దాని యర్థము. నిన్నటి నాయకుడు నేడు శత్రువునకు నోరై తెరపై కనబడి, లొంగిపొండని తన నౌకవారికే చెప్పెను. రైకరు క్షణమాత్రము చూచి, పికార్డున్న యా శత్రునౌకపై ఆయుధమును ప్రయోగింపుడని యాజ్ఞాపించెను. అంతటితో భాగము ముగిసినది. తక్కిన కథ సెప్టెంబరు నెలలో!

ఈ కథను దేశమంతట ఒకేనాడు చూపుట లేదు. ఊరూరి టెలివిజను కేంద్రములు కొనుక్కొని తమకు వీలైన దినమున చూపుచుండెడివి. ఒక పట్టణమువారు చూచినది పొరుగు పట్టణమువారికి ఇంకను తెలియకపోవచ్చును. ముందు చూచినవాడు నోరు బిగబట్టుకొనుట యెంత కష్టమో మీకు వేఱుగ చెప్పనేల?

ఇక తర్కము. పికార్డు వేషము ధరించిన ప్యాట్రిక్ స్టూవర్టు కథామాలను విడిచి పోవుచున్నాడని యొక వదంతి పుట్టినది. కాబట్టి పికార్డు చచ్చుననియు, రైకరే నాయకుడగుననియు కొందఱు నిశ్చయించిరి. ఈ వాదము నాకు రుచింపదు. నటుని జీతపు లెక్కలనుబట్టి కథ నూహించుట, వంటవాని ముఖము చూచి కూర రుచి చెప్పుట వంటిది.

అసలు ప్రశ్న వేఱు. రైకరు ఆజ్ఞ ధర్మమా? తనకు విద్య నేర్పిన నాయకుడు ప్రాణముతో నుండగా నతనిపై ఆయుధమెత్తవచ్చునా? భూమిపై కోట్లాది ప్రజలుండగా నెత్తకుండవచ్చునా? పికార్డే ఆ స్థానమున నున్నచో నదే యాజ్ఞ నిచ్చియుండునని చెప్పుట సులభము. నా మతమును అదియే. భీష్మునిపై బాణమెత్తుటకు అర్జునుడు పడిన తడబాటును ఎఱిగిన మనకు దీనిని వివరింప బనిలేదు. అయితే భీష్ముడు తెలిసి కౌరవపక్షమున నిలిచెను. పికార్డు తెలిసి నిలువలేదు. అతని నోరు అతనిది కాదు. ఇక్కడనే చిక్కు బిగిసినది.

ఇందొక విచిత్రము కలదు. ఆ భాగమును వ్రాసిన మైకేల్ పిల్లరునకే ఉత్తర కథ తెలియదు! ఆ యేటితో తాను పని మానుకొందునని తలంచి, ముడిని వేసి విడిచెను. తరువాత రాడెన్‌బెరీ మాటమీద నిలిచిపోయి, తాను వేసిన ముడిని తానే విప్పవలసివచ్చెను.

సెప్టెంబరు 24వ తేదీ వారమున రెండవ భాగము వచ్చెను. ఆయుధము విఫలమయ్యెను, దాని రహస్యము పికార్డునకు తెలియును గనుక బోర్గులకును తెలిసినది. వుల్ఫ్ 359 అను నక్షత్రము వద్ద (ఈ నక్షత్రము కల్పితము గాదు, మనకు సుమారు 8 కాంతి సంవత్సరముల దూరమున నున్నది) 40 నౌకలు బోర్గుల నెదిరింపగా, 39 నశించెను. తుదకు రైకరు మనుష్యులు పికార్డును అపహరించి తెచ్చిరి. అతడు యంత్రబంధమునుండియే అతికష్టమున, నిద్రపుచ్చుడని సూచించెను. ఆ యుపాయముననే శత్రునౌక నశించెను. భీష్ముడు తన పతనోపాయమును తానే చెప్పినట్లున్నది గదా! మూడు నెలలు వేచినందుకు ఇంత తేలిక ముగింపా యని పెదవి విఱిచినవారును కలరు.

అక్టోబరు 1వ తేదీ వారపు భాగము వారిని మఱింత చీల్చినది. అందు యుద్ధము లేదు. పికార్డు ఫ్రాన్సు దేశమున తన స్వగ్రామమునకు, ద్రాక్షతోటలలో నున్న అన్న యింటికి పోవును. అన్నదమ్ములు మాటామాట పెరిగి బురదలో పొర్లి కొట్టుకొందురు, నవ్వుదురు, నవ్వుచునే పికార్డు ఏడ్చును. తన వారిని చంపుటకు తన్నే సాధనముగ చేసికొనగా ఆపజాలకపోతినని అన్నతో చెప్పుకొనును. ఆకాశనౌక కథలో తోటలేల, కన్నీరేల యని కొందఱు. ఇది లేనిచో ముందటి రెండు భాగములును వట్టి బాణసంచా యని మఱికొందఱు. నేను రెండవవారి పక్షము.

అంతటితోనైన ఆగలేదు. 1993 జనవరిలో ఆరంభమైన ‘డీప్ స్పేస్ నైన్’ అను తరువాతి కథామాల మొదటి దృశ్యము ఆ వుల్ఫ్ 359 యుద్ధమే. అందు భార్యను పోగొట్టుకొన్న సిస్కో యను నాయకుడు, కొన్నియేండ్లకు పికార్డు నెదుట నిలిచి, మనము ఇదివఱకే యుద్ధమున కలిసికొంటిమని కటువుగా ననును. పికార్డు ముఖము మాడిపోవును. ఆ కోపము న్యాయమా, అన్యాయమా యని అభిమానులు మరల రెండు పక్షములైరి. ఆ భాగమును వ్రాసినవాడును పిల్లరే.