ఎండాకాలం – కిటికీ తెరలు



కర్టెన్లు కొనడానికి బజారుకు వెళ్తే ముందుగా మనం చూసేదేమిటి? రంగు. సోఫా కవరుకి నప్పుతుందా, గోడకి కలుస్తుందా, పెద్ద పువ్వులా చిన్న పువ్వులా – ఇదే మన లెక్క. కొట్టువాడూ అదే చూపిస్తాడు. అందం అక్కర్లేదని నేననను. కాని మన పామర్రు, గుడివాడ, బందరు వైపు రోహిణి కార్తె ఎండ ఎలాంటిదో తెలిసినవాళ్లం. గుడ్డ కొలిపించే ముందు ఇంకో మాట కూడా ఆలోచించుకోవద్దూ? ఈ తెర ఎండని ఎక్కడ ఆపుతుంది – గది లోపలా, గది బయటా?

ఎండ అద్దంలోంచి వచ్చి తెరమీద పడుతుంది. తెర వేడెక్కుతుంది. ఆ వేడిలో చాలాభాగం ఇక గదిలోనే ఉండిపోతుంది. ముదురు రంగు తెరైతే మరీను. తెల్లనిదో, లేత రంగుదో అయితే కొంత వెలుగుని వచ్చినదారినే వెనక్కి కొడుతుంది. అదే ఎండని కిటికీ బయటే ఆపారనుకోండి, వేడెక్కేది బయటి తెర. ఆ వేడిని బయటిగాలే తీసుకుపోతుంది. మన పెద్దలు ఇంటిముందు తాటాకు పందిరి వేయించినా, వసారాకి తడికలు కట్టించినా ఇందుకే. పెంకుటిళ్లు పోయి డాబాలు వచ్చాక చూరూ పోయింది, వసారా పోయింది. సాయంకాలపు ఎండ తిన్నగా మంచంమీదికే వస్తోంది.

అలాగని ఇంట్లో అన్ని కిటికీలకూ ఒకేసారి డబ్బు పొయ్యనక్కర్లేదు. మే రెండోవారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా మన ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అంచేత దక్షిణపు కిటికీలోంచి నడివేసవిలో ఎండ రాదు. ఏప్రిల్లో వచ్చేదానికి పైనున్న సన్‌షేడ్ చాలు. పడమటి కిటికీ సంగతి వేరు. మూడు దాటాక సూర్యుడు కిందికి వాలి, సన్‌షేడ్ కిందనుంచి లోపలికి దూరుతాడు. మీ దగ్గరున్న డబ్బు ముందు ఆ కిటికీకే ఖర్చుపెట్టండి. ఆ గదిలో ఎవరు పడుకుంటున్నారో కూడా చూడండి. 2015 మే నెలలో మన రాష్ట్రంలో ఎండదెబ్బకు వెయ్యిమందికి పైగా పోయారు. ముసలివాళ్లకీ పసిపిల్లలకీ ఒళ్లు వేడెక్కితే తట్టుకునే శక్తి తక్కువ.

మా అత్తగారి గది పడమటిదే. ఆ కిటికీకి బయట, సన్‌షేడ్ కింద రెండు కొక్కేలు కొట్టించి తుంగచాప వేలాడదీశాం. గోడకీ చాపకీ మధ్య జానెడు ఖాళీ వదిలాం, గాలి ఆడాలిగా. "గోడకి చాప వేశారేమిటర్రా, చూసినవాళ్లు నవ్వరూ!" అన్నారావిడ. ఇప్పుడు మూడయ్యేసరికి, "చాప దించారా?" అని ఆవిడే అడుగుతారు. వెదురుతెర అయితే ఇంకా పొందిగ్గా ఉంటుంది, తాడు లాగితే పైకి చుట్టుకుంటుంది.

వట్టివేళ్ల తడికల సంగతీ చెప్పాలి. తడిపి కట్టిన తడిక, పొడిగాలి వీచేటప్పుడే చల్లనిస్తుంది. పడమటి వడగాడ్పు ఉన్నన్నాళ్లూ దాన్ని మించింది లేదు. సముద్రపు చెమ్మ గాలిలో ఉన్నరోజున తడిపితే ఉక్కపోత పెరుగుతుందే తప్ప చల్లబడదు. బందరుకి దగ్గరయ్యేకొద్దీ ఇది మరీ తెలుస్తుంది. పగలు వడగాలి కొడుతున్నంతసేపూ కిటికీ తలుపులు మూసి తెర దించండి. సాయంత్రం పైరగాలి తిరగ్గానే తెరలన్నీ పక్కకి లాగి కిటికీలు బార్లా తీసేయండి. తెర చూడముచ్చటగా ఉందని ఆ గాలికి అడ్డంగా వదిలేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది!

ఇక లోపలి కర్టెన్లు. పక్కనే పెడన ఉండగా ఎక్కడెక్కడి గుడ్డలో దేనికి? కలంకారీ అద్దకం నూలుగుడ్డ మీద, అందానికి లోటులేదు. అయితే సహజరంగులు నేరుగా ఎండ తగిలితే వెలుస్తాయి. వెనకవైపు తెల్ల లాంగ్‌క్లాత్ అస్తరు వేయించండి. రంగు నిలుస్తుంది, ఎండా కొంత వెనక్కి పోతుంది. నాలుగడుగుల కిటికీకి ఆరడుగుల వెడల్పుకి తక్కువ కాకుండా గుడ్డ తీసుకోండి, లేకపోతే కుచ్చిళ్లు పడవు. రెండుపక్కలా అరడుగు గోడమీదికి వచ్చేలా రాడ్ బిగించుకోండి, సందులు ఉండవు. వంటింట్లో మాత్రం పొయ్యి దగ్గరి కిటికీకి కర్టెన్ వద్దే వద్దు.

రేకుల బ్లైండ్లు కొనేవాళ్లున్నారు. రేకులు పైకి తిప్పితే వెలుగు సీలింగుమీదికి పోతుంది, ఎండ కంట్లో పడదు. అంతవరకూ బాగే. మాలాగా రోడ్డువారన ఇల్లయితే మాత్రం ఆ దుమ్ము తుడవలేక ప్రాణం విసిగిపోతుంది. వాటి తాళ్లు పిల్లల మెడకి చుట్టుకునే ప్రమాదముంది, అందనంత ఎత్తున ముడివేయండి.

ఏసీ ఉన్నవాళ్లు, మాకెందుకివన్నీ అనుకోకండి. కిటికీలోంచి వేడి వస్తున్నంతసేపూ ఆ మిషను ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, కరెంటు బిల్లు పెరుగుతూనే ఉంటుంది. 2020 జనవరి నుంచి స్టారు గుర్తున్న ఏసీలను 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేట్టు చేస్తున్నారు. పడమటి కిటికీకి బయట నీడ, లోపల అస్తరున్న తెర ఉంటే అంతకంటే తగ్గించే పని అంతగా పడదు.

వానలు పట్టగానే తుంగచాపని లోపలికి తీసుకోండి, తడిస్తే బూజు పట్టి చీకిపోతుంది. వెదురుతెరని అక్టోబరు దాకా ఉంచకండి. మనది తుఫాన్ల దారి; పెనుగాలికి ఊడివచ్చిన తెర ఎవరి మీద పడుతుందో చెప్పలేం. దులిపి, ఒకరోజు ఎండబెట్టి, వేపాకు వేసి చుట్టి అటకమీద పడేస్తే మళ్లీ మార్చిలో దింపుకోవచ్చు.