‘వుయ్’ అనగా మేమా, మనమా?

మా పాఠశాల భోజనశాలలో ఒకనాడు బల్లలన్నియు గుఱ్ఱపులాడము ఆకారమున వేయబడెను. ఒక్కొక్క బల్లమీద ఒక అట్టముక్క, ఆ అట్టపై ఒక దేశము పేరు. ‘ఈజిప్టు’ అను అట్ట వెనుక కూర్చున్నవాడు తొమ్మిదవ తరగతి బాలుడు. వాని తండ్రికి సాగరు కుడికాలువ చివరిభూములలో రెండెకరముల మిరపచేను కలదు. ‘ఎథియోపియా’ వెనుక కూర్చున్న బాలిక మా జిల్లా దాటి పోయినది కాదు. అయినను ఆ పూట ఆమెను పేరుపెట్టి పిలుచుటకు వీలులేదు. ఆమెయు ‘నేను’ అని చెప్పుకొనుటకు వీలులేదు. ‘ఎథియోపియా ప్రతినిధి అభిప్రాయపడుచున్నది’ అనియే పలుకవలెను.

దీనిని ఇంగ్లీషున మోడల్ యునైటెడ్ నేషన్స్ అందురు. తెలుగున మాదిరి ఐక్యరాజ్యసమితి అనవచ్చును. ఇది నిన్న మొన్న పుట్టిన వినోదము కాదు. మొదటి ప్రపంచయుద్ధము తరువాత నానాజాతిసమితి వెలసిన దశాబ్దముననే అమెరికా విశ్వవిద్యాలయములలో విద్యార్థులు ఆ సమితి సమావేశములను అనుకరించి నడపిరి. 1945లో ఐక్యరాజ్యసమితి ఏర్పడగా అట్టలపై పేర్లు మారినవి గాని ఆట నిలువలేదు. హేగ్ నగరమున పాఠశాల విద్యార్థుల కొఱకు 1968లో మొదలైన సభకు నేటికిని పలు దేశముల పిల్లలు పోవుచున్నారు. మన నగరములలోని పెద్ద పాఠశాలలలోనైతే ఇది ఏటేట జరుగు ఉత్సవము. కోట్లు, టైలు, ప్రవేశ రుసుములు, వెండిపూత కప్పులు! మార్చి నెల ఎండలో నల్లకోటు తొడిగికొని చెమటలు క్రక్కుచున్న పిల్లలను చూచి మాకు జాలి కలిగినమాట దాచనేల?

మేము అనగా ఆ పాఠశాలలో ఇంగ్లీషును, సాంఘికశాస్త్రమును బోధించు ముగ్గురము. మాది రెండు భాషల పాఠశాల. ఆంధ్రప్రదేశమున 2020వ సంవత్సరము నుండి ప్రభుత్వ పాఠ్యపుస్తకములు క్రొత్త రూపమున వచ్చుచున్న సంగతి శ్రోతలలో బిడ్డలను బడికి పంపువారందఱు ఎఱుగుదురు. ఒక పుటలో తెలుగు, దాని ఎదుటి పుటలో అదే పాఠము ఇంగ్లీషులో. తెలంగాణమునను తరువాత ఇట్టి పుస్తకములే వచ్చినవి. ఈ పద్ధతిని మెచ్చువారును కలరు, నొచ్చుకొనువారును కలరు. ఆ వాదము మా ప్రసంగమునకు విషయము కాదు. కాని ఒకటి మాత్రము మేము కన్నులార చూచితిమి. తెలుగు పుట చదివిన పిల్లవాడు ప్రశ్న అడుగును. ఇంగ్లీషు పుట చదివిన పిల్లవాడు తల వంచుకొనును. ఆ పిల్లవాడే ఈ పిల్లవాడు!

ఆ తల ఎత్తించుటకై మేము ఈ సభను తలపెట్టితిమి. మొదటి ఏడు తప్పు చేసితిమి. సభలో ఇంగ్లీషు తప్ప మఱొక భాష వినబడరాదని శాసించితిమి. పిల్లలు ఎక్కడెక్కడినుండియో ఉపన్యాసములు సంపాదించి కంఠస్థము చేసికొని వచ్చిరి. ఒక్కొక్కరు లేచి ధారాళముగా అప్పగించి కూర్చుండిరి. నడుమ ఎవరైన ఒక చిన్న ప్రశ్న వేసినచో ధార తెగిపోయెను. అయినను ఉచ్చారణ చక్కగానున్న ఒక బాలునికి కప్పు నిచ్చి చప్పట్లు కొట్టించితిమి. మఱునాడు ఎనిమిదవ తరగతి బాలిక ఒకతె మా గదిలోనికి వచ్చి నిలిచెను. విరామ సమయమున రెండు పక్షములను ఒక మాటమీదికి తెచ్చినది ఆమెయే. తెచ్చినది తెలుగులో.

“సార్, బేరం కుదిర్చింది నేను. కప్పు మాత్రం బాగా చదివినవాడికి ఇచ్చారు” అనెను.

మా వద్ద సమాధానము లేకపోయెను. ఆ బాలిక మఱుసటి ఏడు పేరు నమోదు చేయించుకొనుటకు రాలేదు. మేమే ఇంటికి పోయి పిలువవలసి వచ్చెను. ఆమె తండ్రి కాలువమీద లస్కరు. తూముల తలుపులు ఎత్తుట, దించుట ఆయన పని. “పంపిస్తాను గానీ, ఈసారి కూడా ఏడుస్తూ రాకూడదు మాస్టారూ” అని ఆయన అన్నమాట మాకు నేటికిని గుర్తు.

రెండవ ఏడు నియమము మార్చితిమి. మొదటి రెండు గంటలు ఏ భాషలోనైన బేరమాడవచ్చును. సభాముఖముగా చేయు ప్రసంగము, వ్రాయు తీర్మానము మాత్రము ఇంగ్లీషున ఉండవలెను. విషయముగా నైలునదిని ఎంచుకొంటిమి. కాలువనీటితో బ్రదుకు పిల్లలకు ఇంతకంటె దగ్గఱి విషయము ప్రపంచమున మఱొకటి మాకు తోచలేదు.

ఆ తగవును శ్రోతలకు క్లుప్తముగా మనవిచేయుదుము. నైలునదికి వచ్చు నీటిలో అధికభాగము ఎథియోపియా కొండలపై కురిసిన వాననీరే. ఈజిప్టు తన మంచినీటిలో నూటికి తొంబదిపాళ్లకు పైగా ఆ నదినే నమ్ముకొని యున్నది. 1959లో ఈజిప్టు, సూడాను తమలో తాము ఒడంబడిక చేసికొని ఏటికి ఈజిప్టుకు 55.5 వందకోట్ల ఘనమీటరులు, సూడానుకు 18.5 వందకోట్ల ఘనమీటరులు అని పంచుకొనినవి. వాన కురియు దేశమునకు ఆ పంపకములో పాలు లేదు. ఎథియోపియా 2011లో నీలనైలుపై, సూడాను సరిహద్దునకు చేరువలో, పెద్ద ఆనకట్ట మొదలుపెట్టెను. 2020లో నీరు నింపసాగెను. 2025 సెప్టెంబరులో ప్రారంభోత్సవము జరిపెను. వానలు తప్పిన ఏండ్లలో క్రిందికి ఎంత నీరు విడువవలెను అన్నదానిపై కట్టుబాటుగల ఒప్పందము మూడు దేశముల నడుమ కుదరకయే ఆ ఉత్సవము జరిగినది.

వందకోట్ల ఘనమీటరులు అనిన మా పిల్లలకు తలకెక్కలేదు. ఒక బాలుడు బల్లపై సుద్దముక్కతో లెక్కవేసి టి.ఎం.సి.లలోనికి మార్చెను. ఆ జలాశయములో పట్టు నీరు 74 వందకోట్ల ఘనమీటరులు, అనగా సుమారు 2,600 టి.ఎం.సి.లు. నాగార్జునసాగరము కట్టిననాటి సామర్థ్యము 408. “ఆరు సాగర్లు సార్!” అని హాలంతయు కేకలు. ఆ క్షణము నుండి నైలునది మా ఊరి నది ఆయెను.

ఇక బేరము చూడవలెను. ఈజిప్టు బాలుడు లేచి, “పైవాళ్లు గేట్లు దించుకుంటే చివరి ఊళ్లవాళ్లం మేమేం తాగాలి?” అనెను. అది వాడు పుస్తకములో చదివినమాట కాదు. ఎథియోపియా బాలిక, “వాన పడేది మా కొండలమీద. కరెంటు లేని ఇళ్లు మావి. మా నీళ్లు మేం ఆపుకోకూడదా?” అని ఎదురు నిలిచెను. లస్కరుగారి అమ్మాయికి ఈసారి సూడాను వచ్చినది. ఆమె చాలసేపు వినెను. తరువాత, “మీ ఇద్దరి గొడవ సరే. గేటు ఒక్కసారిగా ఎత్తితే ముందు మునిగేది నేను. ఎత్తేముందు నాకు కబురు చెయ్యి. నా మొదటి షరతు అదే” అనెను. నిజమైన సూడాను దేశము ఆందోళనలలో ఇది ముఖ్యమైనది. ఆనకట్టవలన వరద క్రమబద్ధమగునను ఆశయు, చెప్పకుండ నీరు విడుతురేమోయను భయమును ఆ దేశమునకు కలవు. ఆ సంగతి మేము ఆమెకు బోధింపలేదు.

ఆ మీదట అసలు శ్రమ మొదలాయెను. ‘కబురు చెయ్యి’ అను మాటను ఇంగ్లీషున ఎట్లు వ్రాయవలెను? ఆమె మొదట ‘టెల్’ అని వ్రాసెను. తరువాత నిఘంటువు తిరుగవేసి ‘ప్రయర్ నోటిఫికేషన్’ అను మాట పట్టుకొనెను. ‘షల్’ అని వ్రాయగా ఎథియోపియా ఒప్పుకొనలేదు, ‘షుడ్’ అనవలెననెను. ఈజిప్టు ‘షుడ్’కు ఒప్పుకొనలేదు. ఆ రెండు మాటల నడుమగల భేదమును మేము నల్లబల్లమీద ఎన్ని ఏండ్లు చెప్పినను పిల్లలకు ఆవులింతలే వచ్చినవి. ఆనాడు ఆ భేదముకొఱకు ఇద్దఱు పిల్లలు ముప్పావుగంట కలియబడిరి.

మఱి కొంతసేపటికి సూడాను చిత్తుప్రతిలో, నీటి లెక్కలను మేము పంచుకొందుము అను అర్థమున ‘వుయ్’ అని మొదలగు వాక్యమొకటి వచ్చెను. ఈజిప్టు బాలుడు వెంటనే, “వుయ్ అంటే ఎవరు? నువ్వూ ఎథియోపియానా? నన్ను కలిపావా, లేదా?” అని అడిగెను. ఆ బాలిక కాగితము పట్టుకొని మా వద్దకు వచ్చి, “సార్, ఈ ‘వుయ్’ మేమా, మనమా?” అనెను.

మేము వెంటనే చెప్పలేకపోతిమి. తెలుగువాడు తల్లిఒడిలోనే ఈ భేదము నేర్చును. ‘మేము భోజనమునకు పోవుచున్నాము’ అనిన ఎదుటివానికి ఆకు లేదు. ‘మనము’ అనిన వానికిని ఆకు కలదు. ఇంగ్లీషున ఆ రెంటికిని ఒకటే మాట. ఐక్యరాజ్యసమితి నిబంధనపత్రము మొదటిమాటయు ‘వుయ్’ అనునదే. దానిని తెలుగు చేయువాడు మేమనవలెనా, మనమనవలెనా? సంతకము చేసినవారు తమలో తాము చదువుకొన్న ‘మనము’. బయట నిలిచినవారికి వినిపించిన ‘మేము’. ఇన్నేండ్లుగా ఇంగ్లీషు చెప్పుచున్న మాకు ఈ ప్రశ్న ఎన్నడును తట్టలేదు. తెలుగున ఆలోచించి ఇంగ్లీషున వ్రాయబోయిన పదునాలుగేండ్ల పిల్లకు తట్టినది. వారే ఉపాయము కనుగొనిరి. ‘వుయ్’ కొట్టివేసి, ‘మూడు నదీతీర రాజ్యములు కలిసి’ అను అర్థము వచ్చు ఇంగ్లీషు మాటలు వ్రాసిరి.

ఒక చిన్నమాట ఎంత పని చేయునో చెప్పుటకు ఆ సాయంకాలము మేము వారికి రెండు సంగతులు వినిపించితిమి. 1967 నవంబరు 22న భద్రతాసమితి అంగీకరించిన 242వ తీర్మానములో, యుద్ధమున ఆక్రమింపబడిన ప్రదేశములనుండి ఇజ్రాయెలు సేనలు మరలవలెననుచోట, ఇంగ్లీషు ప్రతిలో ప్రదేశములకు ముందు ‘ది’ లేదు. ఫ్రెంచి ప్రతి చదివిన అన్ని ప్రదేశములును అని అర్థము చేసికొనుటకు వీలున్నది. ఆ లేని ‘ది’ గూర్చి దౌత్యవేత్తలు, న్యాయశాస్త్రజ్ఞులు దశాబ్దములుగా వాదించుచున్నారు. తెలుగున అట్టి మాటయే లేదు గనుక మన పిల్లలు దానిని ఉన్నచోట వదలి లేనిచోట పెట్టుచుందురు. రెండవది మనకు గర్వకారణము. మానవహక్కుల ప్రకటన మొదటి అధికరణములో పురుషులందఱు అను అర్థము వచ్చు మాటను మార్చి మానవులందఱు అనిపించిన ఘనత భారత ప్రతినిధి హంసామెహతాగారిది. 1948 డిసెంబరు 10న ఆ రూపముననే ప్రకటన ఆమోదింపబడెను.

ఈ పద్ధతి అందఱకు నచ్చినదని చెప్పజాలము. ఒక తండ్రిగారు వచ్చి, “ఇంగ్లీషు కోసం పంపిస్తే రెండు గంటలు తెలుగు మాట్లాడిస్తారా అండీ?” అని నిలదీసిరి. న్యాయమైన ప్రశ్నయే. అసలు సమితిలో ఆఱు అధికారభాషలు కలవనియు, ఎవరి భాషలో వారు పలుకగా దుబాసీలు మార్చి వినిపింతురనియు, 1977లో విదేశాంగమంత్రిగా వాజపేయిగారు అచ్చట హిందీలో ప్రసంగించిరనియు మేము చెప్పితిమి. “ఆరింటిలో తెలుగు ఉందా?” అని ఆయన అడిగిరి. లేదు. మన పిల్లవానికి దుబాసీని ఎవరును ఇయ్యరు. తనకు తానే దుబాసి కావలెను. అందుకే ఆ రెండు గంటలని మా వాదము. చెప్పవలసినది లేనివానికి ఇంగ్లీషు నేర్పిన వానికి యాస వచ్చును గాని భాష రాదు. ఆయన ఒప్పుకొనిరో లేదో మాకు తెలియదు. కుమారుని మాత్రము మాన్పింపలేదు.

మా లోపములును చెప్పుకొనవలెను. రెండు గంటల తెలుగు బేరములో కొంత సంతగోల కలదు. నలుగురు పిల్లలు తెలుగు దాటి ఇంగ్లీషు గడప త్రొక్కనే లేదు. ఆ నలుగురిని గూర్చి మేమింకను ఆలోచించుచున్నాము. పదవతరగతి పరీక్షలో ఈ శ్రమకు ఒక్క మార్కయినను రాదు.

తీర్మానము ఓటునకు వచ్చినప్పుడు ఎథియోపియా తటస్థముగా నుండెను. మిగిలినవారిలో అధికసంఖ్యాకులు చేతులెత్తగా అది నెగ్గెను. కప్పు ఆ ఏడు ఎవరికిని ఇయ్యలేదు. లస్కరుగారి అమ్మాయి తీర్మానపు ప్రతి నొకటి అడిగి ఇంటికి తీసికొనిపోయెను. మఱునాడు ప్రార్థనకు ముందే మా గది వాకిట నిలిచియుండెను.

“సార్, రాత్రి మా నాన్నకి తెలుగులో చదివి చెప్పాను. ‘ప్రయర్’ అంటే చాలదంట. ముందు అంటే ఎన్ని గంటలో రాయకపోతే గేటు దగ్గర దానికి విలువే ఉండదంట.”

చేతిలోని కాగితముపై ఇంగ్లీషున సవరణ వ్రాసియే తెచ్చినది. నలువది ఎనిమిది గంటలకు తక్కువ కాకుండ అని. ‘ది’ ఒకచోట ఎక్కువైనది. సభ ముగిసినది గనుక సవరణకు వేళ దాటినదని మేము చెప్పితిమి. “తెలుసు సార్, అయినా పెట్టండి” అనెను. ఆ కాగితమును తీర్మానము వెనుక చేర్చి కుట్టితిమి.