జిల్లా కేంద్రానికి ఎలాంటి హాలు కావాలి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

కొప్పేశ్వరస్వామి వారి ఊళ్ళో చదువుకున్న వాళ్ళం, ఎక్కడున్నా ఈ ప్రాంతం మంచిచెడ్డలు మాట్లాడుకోక మానం. నేను ఇంజనీరుని కాబట్టి నాకు తెలిసిన ఒక సంగతి మీ ముందు పెడతాను.

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది, అమలాపురం జిల్లా కేంద్రమైంది. హైదరాబాదులో ఉన్నట్టు మనకూ ప్రభుత్వ సొమ్ముతో ఒక కన్వెన్షన్ సెంటర్ ఉంటే బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. అనిపించడంలో తప్పులేదు. కానీ కట్టే ముందు లెక్క చూసుకోవాలి.

హైదరాబాదులోని హెచ్.ఐ.సి.సి.ని ఏపీఐఐసీ, దుబాయికి చెందిన ఎమార్ సంస్థ కలిసి కట్టాయి. 2006లో ప్రవాసీ భారతీయ దివస్, 2010లో ప్రపంచ గణిత మహాసభ, 2012లో జీవవైవిధ్య సదస్సు అక్కడ జరిగాయి. ఆనుకునే పెద్ద హోటల్ ఉంది, చుట్టూ ఐటీ కంపెనీలు ఉన్నాయి, 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది. అతిథి దిగడానికి, బస చేయడానికి, పని చూసుకోవడానికి అన్నీ ఉన్నాయి కాబట్టే ఆ హాలుకు గిరాకీ వచ్చింది.

విశాఖపట్నం అంత నగరమే 2023 మార్చిలో పెట్టుబడిదారుల సదస్సును ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కళాశాల మైదానంలో తాత్కాలిక షెడ్లు వేసి నడిపింది. రెండు రోజుల పనికి ఆ ఏర్పాటు సరిపోయింది. అమెరికాలో హేవుడ్ శాండర్స్ అనే ఆచార్యుడు ఈ విషయం మీద ఏళ్ళ తరబడి పరిశోధించారు. ఊరూరా ప్రజాధనంతో ఇలాంటి కేంద్రాలు పెంచుకుంటూ పోయారనీ, వచ్చే సదస్సులు మాత్రం అంచనాలను అందుకోలేదనీ ఆయన చూపించారు.

ఇక మన సంగతి. 2011 జనాభా లెక్కల్లో అమలాపురం పట్టణ జనాభా 53 వేలు. విమానం దిగాలంటే రాజమహేంద్రవరం దగ్గర మధురపూడికి పోవాలి. కోటిపల్లి-నరసాపురం రైలు మార్గం ఇంకా పూర్తికాలేదు. బయటి ఊళ్ళ నుంచి వెయ్యిమంది వస్తే పడుకోబెట్టే గదులు ఎక్కడున్నాయి? సదస్సులు రాకపోతే ఆ హాలు చివరికి పెళ్ళిళ్ళకే మిగులుతుంది. ఆ పనికి ప్రైవేటు ఫంక్షన్ హాళ్ళు ఉండనే ఉన్నాయి.

కట్టే ఖర్చు ఒక్కటే ఖర్చు కాదు. మాటవరసకి 50 కోట్లు అనుకుందాం. భవనం విలువలో ఏటా కనీసం 2 శాతం మరమ్మతులకు తీసిపెట్టాలన్నది మా ఇంజనీర్ల లెక్క. అంటే ఏడాదికి కోటి, 40 ఏళ్ళకు 40 కోట్లు. ఏసీకి హెచ్.టి. కరెంటు కనెక్షన్ తీసుకుంటే, ఒక్క సభ జరగని నెలలో కూడా డిమాండు ఛార్జీ కట్టాలి. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము ఊరికే ఉండదు. అదంతా మున్సిపాలిటీ నెత్తిన పడితే డ్రైనేజీకి, మంచినీళ్ళకు ఉన్న డబ్బే అటు పోతుంది.

అలాగని ప్రభుత్వ హాలే వద్దని నేననను. ఫంక్షన్ హాలు అద్దె కట్టలేని కుటుంబాలున్నాయి. నాటక పోటీలకు, సైన్సు ప్రదర్శనలకు, డ్వాక్రా సమావేశాలకు చోటు కావాలి. కందుకూరి వీరేశలింగం పంతులు గారు రాజమహేంద్రవరంలో టౌన్ హాలు కట్టించింది ఊరివాళ్ళు కూర్చుని మాట్లాడుకోవడానికే. మనకు కావలసిందీ అలాంటిదే: ఆరేడు వందల మంది పట్టేది, గాలీ వెలుతురూ బాగా వచ్చేది, తక్కువ అద్దెది.

ఇంకొకటి. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను చూసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. 2022 జూలై వరదలో లంకవాసులు పడిన పాట్లు అందరికీ తెలుసు. మన జిల్లాలో ప్రజల డబ్బుతో లేచే ప్రతి పెద్ద కప్పూ అవసరమైన రోజు జనానికి ఆశ్రయం కావాలి. వరద మట్టం కంటే ఎత్తైన పునాది, గాలికి ఎగరని శ్లాబు, మరుగుదొడ్లు, జనరేటరు, వంటశాల మొదటి ప్లానులోనే ఉండాలి. తర్వాత కలపబోతే ఖర్చు రెట్టింపవుతుంది.

మనవాళ్ళు కలెక్టరేట్లో ఉన్నారు, పంచాయతీల్లో ఉన్నారు, పత్రికల్లో ఉన్నారు. ఇలాంటి ప్రతిపాదన ఏదైనా వస్తే మూడు ప్రశ్నలు అడగండని మనవి. ఏడాదిలో ఎన్ని రోజులు, ఎవరు వాడతారు? నిర్వహణ ఖర్చు ఏ పద్దు నుంచి వస్తుంది? తుఫాను రాత్రి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? మూడింటికీ కాగితం మీద జవాబు ఉంటే శంకుస్థాపనకు మనమే ముందు నిలబడదాం.