అద్దాల కొట్లు



ఈ రోజుల్లో చీరెల దుకాణానికి వెళ్ళినా, నగల కొట్టుకు వెళ్ళినా ముందుగా మనకు ఎదురయ్యేది గాజే. గాజు తలుపు, గాజు అలమరలు, గోడ నిండా నిలువుటద్దాలు. వెలుతురు వస్తుంది, ఇరుకు గది కూడా విశాలంగా కనిపిస్తుంది. అందుకే వ్యాపారస్థులకు దానిమీద అంత మోజు. మనలోనూ చాలామంది టైలరింగు షాపో, బ్యూటీ పార్లరో పెట్టుకుంటున్నారు కదా! వాళ్ళకు పనికొస్తుందని ఈ గాజు సంగతి ఎత్తుకున్నాను.

మన భాషలో ముఖం చూసుకునేదీ అద్దమే, కిటికీకి బిగించేదీ అద్దమే. కాని అద్దానికీ అద్దానికీ ఎంతో తేడా ఉందండీ. మామూలు అద్దం పగిలితే కత్తుల్లాంటి పొడుగాటి పెంకులవుతుంది. టఫెన్‌డ్ గ్లాసు అలా కాదు. గాజు పలకను 600 డిగ్రీల సెంటిగ్రేడు దాటేలా కాల్చి, వెంటనే రెండు వైపులా గాలి జోరుగా కొట్టి చల్లారుస్తారు. పైపొరలు ముందు గట్టిపడిపోతాయి, లోపలిది నెమ్మదిగా చల్లారుతూ వాటిని బిగదీసి పట్టుకుంటుంది. దాంతో మామూలు గాజుకన్నా నాలుగైదు రెట్లు బలం వస్తుంది. పగిలినా పటికబెల్లం పలుకుల్లా చిన్న ముక్కలై రాలుతుంది.

ఇంకొకటి లామినేటెడ్. రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు. పగిలినా ముక్కలు ఆ పొరను అంటిపెట్టుకునే ఉంటాయి. తలమీద వచ్చే గాజు కప్పుకు ఇదే మేలు. ఇలాంటి గాజుకు 1909లో ఫ్రాన్సులో ఎడ్వార్డ్ బెనెడిక్టస్ పేటెంటు తీసుకున్నాడు. కిందపడ్డ సీసా పగిలినా, లోపల ఎండిన పొర వల్ల ముక్కలు విడిపోకపోవడం చూసి ఆయనకు ఈ ఆలోచన తట్టిందని చెబుతారు.

మా బజారులో ఒక బట్టల కొట్టు తెరిచిన కొత్తలో, అయిదేళ్ళ పిల్లవాడు బయట బుడగలవాణ్ణి చూసి పరుగెత్తి తలుపుకు గుద్దుకున్నాడు. తళతళలాడేలా తుడిచిన తలుపు, అక్కడుందనే తెలియలేదు పాపం! అది పగలలేదు కాబట్టి నుదుటిమీద బొప్పితో పోయింది. ఆ తర్వాత కొట్టువారు తలుపు మీద మామిడాకుల తోరణం బొమ్మ అంటించారు, పెద్దవాళ్ళ కళ్ళకు అందేంత ఎత్తున! పిల్లల ఎత్తులోనూ ఒక వరస ఉండవద్దూ?

మీరే కొనేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. టఫెన్ చేశాక గాజును కోయడం, రంధ్రం వేయడం కుదరదు. కొలతలూ, హ్యాండిలు రంధ్రాలూ ముందే తేల్చుకోవాలి. "ఇక్కడే కోసి ఇస్తానమ్మా" అన్నాడంటే అది టఫెన్‌డ్ కాదన్నమాటే. మూలన ముద్ర ఉందేమో చూడండి. మన దేశంలో సేఫ్టీ గాజు ప్రమాణం ఐ.ఎస్. 2553. ఇంత బలమైన గాజుకూ అంచులే ఆయువుపట్టు, బిగించేటప్పుడు మూల రాతినేలకు తగలనివ్వకండి.

పార్లరులో అడ్డుతెరగా మసక గాజు బాగుంటుంది. ఇసుక కొట్టి చేసినదైతే చేతి జిడ్డు త్వరగా పట్టేస్తుంది, వదలదు. యాసిడ్‌తో చేసినది నయం. ఇక గోడకు వెనక రంగు వేసిన గాజు పెట్టించుకుంటే, తెలుపు కాస్త ఆకుపచ్చగా కనిపిస్తుంది. మామూలు గాజులో ఇనుము ఉంటుంది, దాని ఛాయ అది. అంచు చూస్తే తెలిసిపోతుంది. తెల్లగానే కావాలంటే ఇనుము తక్కువ ఉన్న రకం అడగాలి, ధర ఎక్కువే.

అన్నట్టు, కొట్టులో నిలువుటద్దం ముందు చీరె ఎంత బాగున్నా, డబ్బు కట్టేముందు ఒకసారి గుమ్మం బయట పగటి వెలుతుర్లో రంగు చూసుకోండి. సెలవు.