పాతనాణెమునకు అంటిన జిగురు

(యానాములో పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ఉపన్యాసము)



మన బాలబాలికలు ఈ యేడు ప్రదర్శనశాలలో అమర్చిన పాతనాణెముల పలకను మీరందఱును చూచియే యుందురు. చూడముచ్చటగా నున్నది. కాని నాణెములను పలకకు అంటించుటకు కొందఱు తుమ్మబంకను, కొందఱు సెల్లోటేపును, ఒకరిద్దఱు రబ్బరుజిగురును వాడినారు. పలక విప్పిన పిదప నాణెములు జిగురుతోనే ఇల్లు చేరును. అప్పుడు మీరేమి చేయుదురో నేనెఱుగుదును. చింతపండు నానవేయుదురు. అందులకే ఈ నాలుగు మాటలు చెప్పుటకు అనుజ్ఞ కోరితిని.

మా తాతగారి పెట్టెలో ఒక రాగినాణెము ఉండెడిది. ఒక వైపున ఫ్రాన్సు రాజుల చిహ్నమైన లిల్లీపువ్వు, రెండవ వైపున తమిళాక్షరములలో పుదుచ్చేరి యను పేరు. ఫ్రెంచివారు దీనిని దూదూ అనిరి. మన దుడ్డునకు చుట్టమే. మూడు దూదూలు ఒక ఫనము, ఎనిమిది ఫనములు ఒక రూపాయి. (యానాము నేలిన ప్రభుత్వపు నాణెముపై తెలుగక్షరము లేకపోవుటచే మనము ఆనాడే అల్పసంఖ్యాకులమైతిమని ఒక మిత్రుడు పరిహాసమాడినాడు.) లక్ష్మీపూజలో ఏటేట ఉంచుటచే దానిపై పసుపు, కుంకుమ, నూనె కలిసి అట్టకట్టినవి. నా పదునాల్గవ యేట చింతపండుతోను, ఇటుకపొడితోను దానిని తోమితిని. గులాబిరంగున తళతళ మెఱసినది. తాతగారు చేతిలోనికి తీసికొని, చాలసేపు చూచి, ఏమియు ననక పెట్టెలో పెట్టివేసిరి. అక్షరములలో సగము పోయినవి. కొలది మాసములకే మెఱుపును పోయి, మచ్చలు మిగిలినవి.

జరిగిన దేమనగా, రాగిపై నుండు గోధుమవన్నె, నలుపువన్నె మురికి కాదు. గాలి తగిలి ఏండ్ల తరబడి ఆ లోహమే తనపై కట్టుకొనిన పలుచని పొర అది. లోపలి లోహమును కాపాడునది అదియే. చింతపండు, నిమ్మరసము, వెనిగరు, వీనిలోని ఆమ్లము ఆ పొరను కరగించును. ఇటుకపొడి, బూడిద, పండ్లపొడి గీతలు పెట్టును. ఇత్తడిబిందెను తోమినచో నష్టము లేదు. దాని మందము వేఱు. నాణెముపై అక్షరము లేచియున్న ఎత్తు గోరు మందమైనను ఉండదు.

కావున తీయవలసినది పైన అంటినదానిని మాత్రమే, లోహమును తాకరాదు. మొదట డిస్టిల్డు నీరు. బ్యాటరీలకు పోయు నీరు, మోటారు సామానుల దుకాణములలో దొరకును. మన నూతినీరు ఉప్పు. కుళాయినీటిలో క్లోరిను కలియును. ఆ రెండును రాగికి పనికిరావు. గాజుగిన్నెలో నాణెము మునుగునట్లు నీరు పోసి, ఒక దినము నాననిండు. నీరు రంగు మాఱినచో మార్చుడు. తుమ్మబంక, పిండిజిగురు దీనితోనే వదలిపోవును. మెత్తబడియు వదలనిదానిని కొబ్బరియీనె కొనతో మెల్లగా లేపవచ్చును. సూదిని, బ్లేడును దగ్గఱకు రానీయకుడు.

టేపుజిగురు, రబ్బరుజిగురు నీటికి లొంగవు. వానికి అసిటోను కావలెను. గోళ్లరంగు తుడుచు ద్రవము కాదు. అందు నూనెలు, రంగులు, పరిమళములు కలుపుదురు. కలుపులేని అసిటోనునే అడుగుడు. అది జిగురును కరగించును గాని రాగిని, వెండిని ఏమియు చేయదు. ఆఱినప్పుడు ఏదియు మిగల్చదు. నూనెజిడ్డును గూడ చాలవఱకు తీయును. మూత గల గాజుసీసాలో ఒక గంట ఉంచుడు, చాలనిచో ఇంకొంత. ప్లాస్టికు గ్లాసులు కొన్ని అందులో కరగిపోవును. పిదప కొత్త అసిటోనులో ఒకసారి ముంచి, మెత్తని నూలుగుడ్డపై ఉంచి ఆఱనిండు. అద్దవచ్చును, రుద్దరాదు.

ఇచ్చట గట్టిగా చెప్పవలసిన మాట యొకటి. అసిటోను ఆవిరి రెప్పపాటులో అంటుకొనును. పొయ్యి, దీపము, అగరువత్తి ఉన్న గదిలో సీసా మూత తీయరాదు. వాకిట చేయుడు. పిల్లలు చూడవచ్చును, చేయరాదు.

అన్ని నాణెములును ఒక్కటి కావు. విక్టోరియా రూపాయిలో పండ్రెండు పాళ్లకు పదునొకండు పాళ్లు వెండి, అనగా మెత్తనిది. ఒక్క తోముడుకే గీతలు పడును. ఉత్తర సర్కారుల కొఱకు 1794, 1797లలో ఇంగ్లండున ముద్రించిన కుంపిణీ రాగినాణెములపై రూపాయికి నలువదియెనిమిది యను లెక్క ఇంగ్లీషులో కనబడును. అట్టిది మీ యింట నున్నచో, ఏమియు చేయక మునుపు నాణెములు తెలిసినవారికి చూపుడు. శాతవాహనుల సీసపు నాణెములను అసలే ముట్టకుడు. వెనిగరు వాసన సయితము సీసమును తినివేయును, సీసపు ధూళి మనకు విషము.

మఱియొక సంగతి. మెత్తని ప్లాస్టికు అరలు గల ఆల్బములలో పెట్టిన నాణెములపై కొంతకాలమునకు ఆకుపచ్చని జిగట ఊరును. అది పి.వి.సి. నుండి వచ్చినది, అసిటోనుతో పోవును, కాని ఆల్బమును పాఱవేయవలెను. గోటితో రాల్చిన రాలు లేతపచ్చని పొడి వేఱు. అది రాగిలో ఉప్పు చేరి లోపలినుండి తినుచుండుట. సముద్రపుగాలి తగులు మన యూరిలో దీనికి కొఱత లేదు. కడిగిన మాత్రమున ఆగదు. ఆ నాణెమును తక్కినవాని నుండి వేఱుచేసి, తేమ పీల్చు సిలికాజెల్ పొట్లముతో బిగుతైన సీసాలో ఉంచుడు.

పలక రేపు సాయంకాలము విప్పబడును. టేపు పెఱికి నాణెములను ఊడదీయకుడు. చుట్టును అట్టను కత్తిరించి అట్టతోనే తెండు. అయిదు గంటలకు బడి వెనుక వాకిట గాజుగిన్నెలతో కూర్చుండెదను.